థర్జా మెకాబీ నడిచిన హద్దు

స్టోనీ బ్రాంచ్ స్వతంత్ర పాఠశాల డిస్ట్రిక్టును, అంటే తన బడికి తనే పన్ను వేసుకునే ప్రాంతాన్ని, ఏర్పాటు చేసిన చట్టంలో ఏడుగురు ట్రస్టీల పేర్లున్నాయి. ఏడుగురూ మగవాళ్లే. థర్జా మెకాబీ పేరు అందులో ఎక్కడా లేదు. ఉండడానికి వీల్లేదు కూడా. ఆ రోజుల్లో టెక్సస్‌లో ఆడవాళ్లకు ఓటు లేదు, ఓటు లేనివాళ్ల సంతకం అర్జీ మీద చెల్లదు. అయినా ఆ బడి ఎవరి పుణ్యమని మా వైపు ఎవరినడిగినా ఆమె పేరే చెప్తారు. చెప్పి, వెంటనే పత్తి మాటో వాన మాటో ఎత్తుకుంటారు. ఆమె గురించి ఎక్కువసేపు మాట్లాడడం ఎవరికీ చేతకాదు.

నేను ఆ బడికి మొదటి టీచర్ని. పేరు ఐడెల్లా క్రేన్. నాలుగేళ్లు థర్జా ఇంట్లోనే ఉన్నాను, ఆమె వండిన చిక్కుళ్లూ మొక్కజొన్న రొట్టే తిన్నాను. నేను చూడని సంగతులు కొన్ని ఆమె భర్త ఓరెన్ చెప్పాడు, కొన్ని సర్వేయరు క్లెట్ చెప్పాడు. ఆమె స్వయంగా చెప్పినవి తక్కువ.

వాళ్లకు ఒక్కతే కూతురు, ఎఫీ. ఎనిమిదేళ్లు. అప్పట్లో మా చుట్టుపక్కల పిల్లలందరికీ ప్రాస్పెక్ట్ బడే గతి. మెకాబీల ఇంటి నుంచి నాలుగు మైళ్ల పైచిలుకు. 1911 జనవరిలో ఒక పొద్దున ఎఫీ పల్చటి గౌనుతో బడికి వెళ్లింది. మధ్యాహ్నం రెండింటికి ఉత్తరపు ఆకాశం సిరా పోసినట్టు నల్లబడింది. గంటలో చెమట పట్టే ఎండ కాస్తా మంచుగాలి అయింది. మా వైపు చలి అలాగే వస్తుంది, తలుపు తన్నుకుని వచ్చినట్టు. ఓరెన్ గుర్రమేసుకుని ఎదురు వెళ్లేసరికి పిల్ల సగం దారిలో ఒక కంచె స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. ఐదో రోజున పోయింది.

థర్జా ఏడవలేదని ఓరెన్ చెప్పాడు. "సమాధి దగ్గర కూడా ఏడవలేదు, టీచరమ్మా. ఇంటికొచ్చి గిన్నెలు కడిగింది. అవి అప్పటికే కడిగినవి. మళ్లీ కడిగింది."

మూడు వారాల తర్వాత ఆమె ఇంటి మెట్ల దగ్గర నుంచి ప్రాస్పెక్ట్ బడి గుమ్మం దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఆ లెక్క ఒక కాగితం మీద రాసింది. మర్నాడు బండి కట్టుకుని కౌంటీ ఊరు ఎల్డ్రిడ్జ్‌కి వెళ్లి, పాఠశాలల సూపరింటెండెంటు ముందు ఆ కాగితం పెట్టింది. ఆయన మర్యాదస్తుడు. ఓదార్పు మాటలు చాలా చెప్పాడు. ఆమె ఆయన ఆపేదాకా ఆగి, "ఇక్కడ ఇంకో బడి పెట్టాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది.

"అది మా చేతిలో లేదమ్మా. కౌంటీ ఒప్పుకోదు. మీకంటూ సొంత డిస్ట్రిక్టు కావాలంటే ఆస్టిన్‌లో శాసనసభ చట్టం చెయ్యాలి. దానికి హద్దులు కావాలి, గొలుసు పట్టి కొలిచిన హద్దులు. మగవాళ్ల సంతకాలతో అర్జీ కావాలి. సభ కూర్చునేది రెండేళ్లకోసారి, మళ్లీ 1913లోనే."

"హద్దులు, అర్జీ," అని ఆమె రెండు వేళ్లు మడిచింది. "ఇంకేం కావాలి?"

"ఓపిక కావాలి."

ఆమె దాన్ని కూడా లెక్కలో వేసుకుని మూడో వేలు మడిచిందని, అది చూసి తనకు ఎందుకో ఒళ్లు జలదరించిందని ఆయన తర్వాత నాతో అన్నాడు.

కౌంటీ సర్వేయరు ఎమిల్ క్లెట్ అరవై దాటిన మనిషి. ఎడమ కాలు కుంటి, నోరు మాత్రం కుంటి కాదు. కొలతకు గొలుసు మోసేవాళ్లు ఇద్దరుండాలి. అది పత్తి ఏరే కాలం, చేలోంచి మగవాడు కదిలే వీలు లేదు. ఓరెన్ తమ్ముడు ఒకడు దొరికాడు. రెండో మనిషిగా థర్జా వచ్చి నిలబడింది.

"ఇదేం పనమ్మా నీకు? ముళ్లచెట్లూ, పాములూ," అన్నాడు క్లెట్.

"గొలుసు బరువెంత?"

"బరువు గురించి కాదు తల్లీ. గొలుసు మనిషి అబద్ధమాడకూడదు. రాయి అడ్డమొచ్చినా, కంప అడ్డమొచ్చినా తిన్నగానే లాగాలి. చుట్టు తిరిగి తిన్నగా వచ్చానని చెప్పకూడదు. మగవాళ్లు ఎంతమంది చెప్పారో నాకు!"

"నేను చుట్టు తిరగను," అంది థర్జా.

ఇరవై వరల గొలుసు అది. వర అంటే మన మూరన్నరకు పైన. అలాంటి గొలుసులు రెండు వేల పైచిలుకు వేస్తే తప్ప ఆ చుట్టుకొలత ముగియదు. పదకొండు రోజులు పట్టింది. మెస్కీట్ కంపలు చీలికలు చేస్తే ఆమె గౌను అంచు మోకాలి దాకా పోయింది. క్లెట్ ఒక్కో గీతనూ పైకి చదువుతూ పుస్తకంలో రాసుకునేవాడు. హాలిస్ సర్వే అని పిలిచే పాత పట్టా భూమి ఈశాన్య మూల రాయి నుంచి దక్షిణానికి ఇన్ని వరలు, అక్కడి ఓక్ చెట్టు నుంచి పడమటికి ఇన్ని వరలు, ఇలా. మొత్తం పద్నాలుగు గీతలు. చివరి గీత మళ్లీ మొదటి రాతి దగ్గరికే రావాలి. దాన్ని హద్దు కలవడం అంటారు. కలిసింది. క్లెట్ టోపీ తీసి గాల్లోకి ఎగరేసి, "రెండడుగుల తేడా కూడా రాలేదు! ముప్పై ఏళ్లలో ఇలాంటి గొలుసు మనిషి నాకు దొరకలేదు. పెళ్లి కాకపోయి ఉంటే నేనే అడిగేవాణ్ణి," అన్నాడట. ఓరెన్ తమ్ముడు పగలబడి నవ్వాడు. థర్జా గొలుసును మడతలు వేసి బండిలో పెట్టింది.

కొలత మధ్యలో ఒక ఘట్టం జరిగింది. పడమటి గీత బర్డెట్ ఆట్వెల్ పశువుల బీడు గుండా పోవాలి. మా వైపు పెద్ద భూస్వామి అతనే. భార్య పోయింది, పిల్లలు శాన్ ఆంటోనియోలో హాస్టల్లో చదువుకునేవారు. అతను గేటు దగ్గరికి గుర్రం మీద వచ్చి కూర్చున్నాడు.

"చూడమ్మా, నీ పాప పోయిందని తెలిసి నేను బాధపడ్డాను. శవపెట్టెకి చెక్క పంపించింది కూడా నేనే."

"తెలుసు."

"కానీ నా గడ్డి బీడుకి బడేంటి? నా ఆవులు చదువుకుంటాయా? నువ్వు గీత గీస్తే నేను పన్ను కట్టాలా?"

"కట్టాలి."

"ఇది న్యాయమేనంటావా?"

"న్యాయమో కాదో నాకు తెలీదు, ఆట్వెల్ గారూ. గేటు తియ్యండి. పొద్దు పోతోంది."

అతను గుర్రం దిగి గేటు తీశాడు. కొలవడానికి తీశాడే తప్ప ఒప్పుకుని కాదు.

సంతకాల పని ఇంకా కష్టం. ఆదివారం ఆదివారం ఆమె ఇంటింటికీ తిరిగింది. ప్రూయిట్ అనే ముసలాయన మహా మొండివాడు. "థర్జా, నా పిల్లలు పెద్దోళ్లయి ఎటోళ్లటు పోయారు. నాకెందుకే బడి? కావాలంటే నా కంచరగాడిదను పంపిస్తా, అది నాకంటే తెలివైంది," అన్నాడు. ఆమె నవ్వలేదు, బతిమాలలేదు. వాకిట్లో నిలబడింది. ఆయన చుట్ట తాగాడు, లోపలికెళ్లి భోంచేశాడు, కాసేపు కునుకు తీశాడు. లేచి చూస్తే ఆమె అక్కడే ఉంది. "ఓరి దేవుడా, ఇలా ఇవ్వు ఆ కాగితం, ఇక నన్ను చూడకు," అని సంతకం పెట్టాడు. ఊళ్లో అందరూ ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవారు. ప్రూయిట్ మాత్రం నవ్వేవాడు కాదు. "మీరు ఆ మొహం చూడలేదు. లోపల దీపం లేని ఇల్లు ఉంటుందే, అలా ఉంది," అనేవాడు.

1913 ఫిబ్రవరిలో మా శాసనసభ్యుడు టార్‌బాక్స్ బిల్లు పెట్టాడు. గవర్నరు సంతకం అయింది. సెప్టెంబరులో పాత పత్తి కొట్టు ఒకటి ఊడ్చి, బెంచీలు వేసి బడి తెరిచారు. అప్పుడు వచ్చాను నేను, ఇరవై రెండేళ్లదాన్ని. పిల్లలు పంతొమ్మిది మంది.

నన్ను ఎఫీ గదిలో ఉంచారు. మంచం చిన్నది, కాళ్లు ముడుచుకుని పడుకునేదాన్ని. అది గమనించి థర్జా రెండో రోజు మంచానికి చెక్క అతికించి పొడవు చేసింది. సాయంత్రాలు నేను బడి కబుర్లు చెప్పేదాన్ని, ఎవడు ఎక్కాలు అప్పజెప్పాడో, ఎవతె ఎవతె జడ లాగిందో. ఓరెన్ కళ్లు మెరిసేవి. థర్జా కుట్టుపని చేసుకుంటూ వినేది. వినేదని నేననుకున్నాను. ఒకసారి పరీక్షించాలని, "ఇవాళ బడి కాలిపోయింది," అన్నాను. ఓరెన్ ఉలిక్కిపడ్డాడు. ఆమె దారం కొరికి, "పిల్లలెవరికీ ఏమీ కాలేదు కదా?" అంది, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. నాకు సిగ్గేసింది. మళ్లీ అలాంటి పని చేయలేదు.

పన్ను కట్టే వేళ రాగానే ఆట్వెల్ లాయరును పెట్టుకున్నాడు. ఆ లాయరు చట్టం ప్రతిని ముందు పెట్టుకుని గీత గీతా కాగితం మీద వేశాడు. ఏడో గీత దగ్గర ఆగిపోయాడు. పడమటికి అని ఉండాల్సిన చోట తూర్పుకి అని ఉంది. టార్‌బాక్స్ దగ్గరి గుమాస్తా నకలు రాసేటప్పుడు చేసిన పొరపాటు. ఆ ఒక్క మాటతో హద్దు ఇటు తిరగాల్సింది అటు తిరిగి, పక్క కౌంటీ వైపు పోయి, ఎక్కడా కలవలేదు.

1914 వసంతంలో ఎల్డ్రిడ్జ్ కోర్టులో జడ్జి ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. "హద్దు కలవని చోట డిస్ట్రిక్టు అనేది లేదు. లేని డిస్ట్రిక్టుకు బడి లేదు, పన్ను లేదు. నాకు విచారంగానే ఉంది. కానీ చట్టంలో ఏం రాసి ఉందో అదే నేను చదవగలను, మీ మనసుల్లో ఏముందో కాదు."

నేను బయటికొచ్చి బల్ల మీద కూర్చుని వలవలా ఏడ్చాను. ఓరెన్ గోడను తన్నాడు. క్లెట్ ముసలాయన, "నా పుస్తకంలో పడమటికనే ఉంది, చూడండి, పడమటికనే ఉంది," అని దారిన పోయేవాళ్లకంతా చూపిస్తున్నాడు. థర్జా బండి దగ్గరికెళ్లి కంచరగాడిదలకు నీళ్లు పెట్టింది.

"మళ్లీ సభ ఎప్పుడు కూర్చుంటుంది?" అని అడిగింది, మేమంతా బండెక్కాక.

"వచ్చే ఏడాది జనవరి," అన్నాను.

"అయితే సెప్టెంబరు నుంచి పిల్లల్ని ప్రాస్పెక్ట్‌కి తీసుకెళ్లాలి."

తీసుకెళ్లింది. ఆ సెప్టెంబరు నుంచి మే దాకా, వారానికి ఐదు రోజులూ, పెద్ద బండికి రెండు కంచరగాడిదలను కట్టి, పైన గుడారపు గుడ్డ లాగి, పంతొమ్మిది మందినీ నాలుగు మైళ్లు మోసుకెళ్లింది. బండి అడుగున గడ్డి పరిచేది, గడ్డిలో వేడిచేసిన ఇటుకలు గోనెగుడ్డల్లో చుట్టి పెట్టేది. ప్రాస్పెక్ట్ వాళ్లు నన్ను సహాయ టీచరుగా తీసుకున్నారు, అందుకని నేనూ ఆ బండిలోనే వెళ్లేదాన్ని. పిల్లలు పాటలు పాడేవారు, కొట్టుకునేవారు, ఒకరి టోపీ ఒకరు బయటికి విసిరేసేవారు. ఆమె బండి ఆపి, దిగి, టోపీ తెచ్చి ఇచ్చేది. ఒక్క మాట అనేది కాదు. బడి వదిలేదాకా బయటే, బండి మీదే కూర్చునేది. లోపలికి రమ్మని చాలాసార్లు పిలిచాను.

"గాలి మారితే ఇక్కడి నుంచే కనిపిస్తుంది," అంది ఒకసారి.

తలుపు దాటి ఒక్కనాడూ లోపలికి రాలేదు.

1914 డిసెంబరులో ట్రస్టీలు మెకాబీల ఇంటికి వచ్చారు. ఏడుగురిలో ఒకడు ఓరెన్, మిగతా ఆరుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. క్లెట్ కూడా వచ్చాడు, పటం తెచ్చాడు. అందరూ థర్జా పెట్టిన కాఫీ తాగుతూ పళ్లేల వైపు చూస్తున్నారు తప్ప తల ఎత్తడం లేదు. చివరికి పెద్దవాడైన వుడ్రో టీగ్ గొంతు సవరించుకున్నాడు.

"ఆట్వెల్ కబురు పంపాడమ్మా. తన పడమటి బీడు వదిలేస్తే ఈసారి అడ్డు రానన్నాడు. వదలకపోతే సెనేట్లో తనకు తెలిసినవాళ్లున్నారు, బిల్లు బయటికి రానివ్వనన్నాడు. మేం ఆలోచించాం. బీడు పోతే పోనీ, బడి దక్కుతుందని..."

"మంచిదే కదా," అంది థర్జా.

"దాన్లో ఒక చిక్కుంది." ఆయన క్లెట్ వైపు చూశాడు. చెప్పరా బాబూ అన్నట్టు.

క్లెట్ పటం మీద వేలు పెట్టాడు. "బీడు తప్పించాలంటే గీత తూర్పుకి జరగాలి తల్లీ. జరిగితే ఎక్కడ పడితే అక్కడ ఆగదు, చట్టానికి పాత సర్వే గీతే కావాలి. హాలిస్ సర్వే పడమటి గీత. అది... మీ ఇంటికీ మీ పత్తి కొట్టానికీ మధ్యలోంచి పోతుంది. కొట్టం, చేను లోపల. ఇల్లు బయట."

"అంటే?"

"అంటే మీ చేనుకి పన్ను ఉంటుంది. కానీ మీరు ఆ డిస్ట్రిక్టు వాళ్లు కారు. ఓరెన్ ట్రస్టీగా ఉండకూడదు, ఓటుండదు. చట్టంలో అతని పేరుండదు."

పొయ్యి మీద కెటిల్ మరుగుతోంది.

"గీయండి," అంది థర్జా.

ఓరెన్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు. నేనున్న నాలుగేళ్లలో అతను గొంతెత్తింది ఆ ఒక్కసారే. "గీయండా? ఎవరి కోసమే ఇదంతా చేసింది? పదకొండు రోజులు ముళ్లలో నడిచింది ఎవరి కోసం? మన బిడ్డ కోసం కదూ? ఇప్పుడు మన ఇల్లే బయట పెడతారా?"

"మన బిడ్డకి బడి అక్కర్లేదు, ఓరెన్," అంది ఆమె.

మెత్తగా అంది, ఇంట్లో పంచదార అయిపోయిందని చెప్పినట్టు. ఆ మాట అని కెటిల్ దించి, టీగ్ కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. టీగ్ ఆరడుగుల మనిషి. కప్పు పట్టుకోలేక కింద పెట్టేశాడు. ఓరెన్ బయటికి వెళ్లిపోయాడు. ట్రస్టీలు ఒక్కొక్కరే టోపీలు తీసుకుని, "వస్తాం వదినా," "ఉంటాం అమ్మా," అని గొణిగి వెళ్లారు. నేను గిన్నెలు కడగడానికి సాయం వెళ్తే, "నువ్వు పాఠాలు దిద్దుకో," అంది.

కొత్త గీతకు కొత్త కొలత. క్లెట్ వద్దన్నా వినకుండా ఆమే గొలుసు మోసింది. తన వాకిలి ముందు నుంచి గొలుసు లాగుతూ నడిచింది. ఆ రాత్రంతా క్లెట్‌కు నిద్ర పట్టలేదట. ఆమె మాత్రం పడుకుంది, నాకు తెలుసు, గోడ ఇవతల నుంచి ఊపిరి వినిపించింది.

ఫిబ్రవరిలో పిల్లల బండి ఓరెన్‌కి అప్పజెప్పి ఆస్టిన్ వెళ్లాం, ఆమె, నేను. టార్‌బాక్స్ రమ్మనలేదు. వెళ్లేసరికి అతను సభలో ఉన్నాడు, గదిలో కొత్త గుమాస్తా ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి, కళ్లద్దాలు, కఫ్‌ల మీద సిరా మరకలు.

"బిల్లు నకలు ఒకసారి చూసుకోవాలి," అంది థర్జా.

"అమ్మా, అది సరిచూశాం. రెండుసార్లు."

"పోయినసారీ సరిచూశారు. మీరు కాగితం పట్టుకోండి. నేను చెప్తాను. తేడా ఉంటే ఆపండి."

అతను నా వైపు చూశాడు, ఈవిడకు మతి ఉందా అన్నట్టు. నేను తల ఊపాను. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు కిటికీ మీద నిలిపి మొదలుపెట్టింది. "హాలిస్ సర్వే ఈశాన్య మూల రాతి దగ్గర మొదలు. అక్కడి నుంచి దక్షిణానికి నాలుగు వేల ఏడు వందల యాభై వరలు, రాళ్ల గుట్ట దాకా. అక్కడి నుంచి పడమటికి..." వరలు, చెట్లు, రాళ్లు, వాగు మలుపులు. చేతిలో కాగితం లేదు. గొంతు ఎక్కడా తడబడలేదు, పెరగలేదు, తగ్గలేదు. పక్క గదిలో టైపు కొడుతున్నవాళ్లు ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

పదకొండో గీత దగ్గర గుమాస్తా చేయెత్తాడు. "ఆగండి. ఏమన్నారు?"

"ఉత్తరానికి వెయ్యీ తొమ్మిది వందల వరలు."

"ఇక్కడ వెయ్యీ తొంభై ఉంది."

"తప్పు."

అతని మొహం తెల్లబడింది. క్లెట్ ఇచ్చిన అసలు కాగితం వెతికి తీశాడు. వెయ్యీ తొమ్మిది వందలే. దిద్దాడు. మిగతా మూడు గీతలూ అతను ఊపిరి బిగబట్టి విన్నాడు. "అక్కడి నుంచి తూర్పుకి, మొదలుపెట్టిన రాతి దాకా," అని ఆమె ముగించాక లేచి నిలబడ్డాడు.

"మీరు సర్వేయరా అమ్మా?"

"కాదు. గొలుసు మోశాను."

బిల్లు నెగ్గింది. గవర్నరు సంతకం పెట్టిన రోజు దాకా ఆమె అక్కడే ఉంటానంది, ఉన్నాం. సంతకం అయిందని కబురు తెచ్చిన టార్‌బాక్స్ ఆమె చేయి పట్టుకుని ఊపి ఊపి అభినందించాడు. తిరుగు ప్రయాణంలో స్టేషను బల్ల మీద ఉడికించిన గుడ్లు వలుచుకుంటూ అడిగాను, ఉండబట్టలేక.

"ఎలా ఉంది థర్జా? ఇప్పుడు?"

ఆమె చాలా నిజాయితీగా ఆలోచించింది. తన లోపల వెతుక్కున్నట్టు కనిపించింది. "పాదాలు నొప్పెడుతున్నాయి. కొత్త బూట్లు," అంది.

మరుసటి ఏడాది రాతి కట్టడం లేచింది, రెండు గదులు, గంట. ప్రారంభం రోజున టార్‌బాక్స్ ముప్పావు గంట ఉపన్యాసం చేశాడు. ట్రస్టీల పేర్లు చదివాడు, గవర్నరును పొగిడాడు, తనను తాను పొగుడుకున్నాడు. చివర్లో టీగ్ లేచి, "ఇంకొకరి పేరు చెప్పాలి," అన్నాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. థర్జా లేదు. కంకరదారి అవతల, చెట్టు కింద బల్లల దగ్గర పీచ్ పండ్లతో చేసిన తీపి రొట్టె కోస్తోంది. పిలుద్దామని ఎవరో లేచారు. ఓరెన్ వద్దన్నట్టు చేయి ఊపాడు. టీగ్ కూర్చుండిపోయాడు.

1917 జూన్‌లో నాకు పెళ్లి కుదిరి ఆ ఊరు వదిలాను. రైలు దగ్గరికి థర్జాయే బండి తోలింది. మా వైపు స్టేషను అంటూ లేదు, జెండా ఊపితే రైలు ఆగే చోటు ఒకటి. రైలు ఆలస్యమైంది. ఎండలో రేకుల నీడన కూర్చున్నాం. నేను కళ్లు తుడుచుకుంటున్నాను. ఆమె పట్టాల వైపు చూస్తూ, నేను ఏమీ అడగకుండానే మొదలుపెట్టింది.

"ఎఫీకి బడి ఇష్టం లేదు."

నేను రుమాలు దించి ఆమె వైపు తిరిగాను.

"అసలు ఇష్టం లేదు. అక్షరాలు వచ్చేవి కావు. అక్కడ ఒక టీచరు మొట్టేది. రోజూ పొద్దున ఏడుపే. ఆ రోజు కడుపునొప్పన్నది. ముందు రోజూ అదే చెప్పింది, ముందు వారమూ అదే చెప్పింది. నేను నమ్మలేదు. జడ గట్టిగా లాగి వేశాను. కోటు ఇస్తే తీసుకోలేదు, ఎండగా ఉందంది. సరే పొమ్మన్నాను. గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. నేను వేలు చూపించి, నడువు, అన్నాను."

రైలు కూత దూరంగా వినబడింది.

"ఓరెన్‌కి చెప్పలేదు," అంది. "మంచి బడి కావాలని చేశానని అందరూ అనుకుంటారు. నాకు కావలసింది దారి తగ్గడం. అంతే."

ఆమె భుజం మీద చేయి వేశాను. గట్టిగా ఉంది, చెక్కలా. విదిలించుకోలేదు, ఒరగలేదు. రైలు వచ్చింది. ఆమె నా పెట్టె ఎత్తి లోపల పెట్టి, "కిటికీ వేసుకో, బొగ్గు నలుసులు కళ్లలో పడతాయి," అని దిగింది.

ఆ తర్వాత ఆడవాళ్లకూ ఓటు వచ్చింది. ఓరెన్ ఉత్తరంలో రాశాడు, స్టోనీ బ్రాంచ్ ట్రస్టీల ఎన్నికకు మా ఊరి ఆడవాళ్లందరూ కొత్త టోపీలు పెట్టుకుని వెళ్లారని, థర్జా ఇల్లు గీత బయట కాబట్టి ఆమె వెళ్లలేదని, ఆ రోజు కోళ్ల గూడు బాగుచేసుకుందని. నేను ఏటా క్రిస్మస్‌కి రాసేదాన్ని. ఆమె ఆరేడు వాక్యాలు రాసేది, వానలు, పత్తి, బడిలో పిల్లలెందరు అనే లెక్క. ఒక ఏడు అరవై నలుగురని రాసింది.

1932 మార్చిలో ఆమె పోయింది. గుండె. ఓరెన్ ఉత్తరం నాకు రెండు వారాలు ఆలస్యంగా అందింది. పొద్దున లేచి నీళ్లు తోడుతూ కూర్చుండిపోయిందని, పెద్దగా బాధపడలేదని రాశాడు. ట్రస్టీలు బడికి సెలవిస్తామన్నారట, ఆ రోజు పిల్లలకు పరీక్షలున్నాయి కాబట్టి వద్దని తనే చెప్పాడట. పన్నెండింటికి పాతిపెట్టి వచ్చామని, అప్పటికి పిల్లలు ఇంకా లోపలే రాసుకుంటున్నారని రాశాడు.